నిండిన గ్యాలరీ, ఎదురుగా ఖాళీ గ్యాలరీ: డ్రమ్ కోర్ ఫైనల్స్‌కు జనం తగ్గారా?

ఆగస్టు రెండో వారంలో ఒక శనివారం రాత్రి, ఇండియానాపోలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియంలో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ వారి ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ జరుగుతుంటాయి. ఆ రాత్రి మైదానం వైపు నుంచి గ్యాలరీకి ఒక ఫొటో, గ్యాలరీ నుంచి మైదానం వైపు మరొక ఫొటో తీసి పక్కపక్కన పెడితే అవి ఒకే కార్యక్రమానివంటే నమ్మడం కష్టం. మొదటి ఫొటోలో ఇసుక వేస్తే రాలనంత జనం కనిపిస్తారు. రెండో ఫొటోలో వాద్యబృందం వెనకాల వేల కుర్చీలు ఖాళీగా ఉంటాయి. మొదటిది చూసినవారు ఈ కళకు ఎంత ఆదరణ ఉందో అని సంబరపడతారు. రెండోది చూసినవారు రోజులు దగ్గరపడ్డాయని దిగులుపడతారు. డ్రమ్ కోర్ ప్రేక్షకుల హాజరు మీద దశాబ్దాలుగా సాగుతున్న వాదోపవాదాలు చాలావరకు ఈ రెండు ఫొటోల మధ్యే తిరుగుతున్నాయని నాకు అనిపిస్తుంది.

డ్రమ్ కోర్ అంటే ఇత్తడి ఊదుడు వాద్యాలు, తాళవాద్యాలు, జెండాలూ కర్ర తుపాకులూ గాలిలోకి ఎగరేసి పట్టుకునే కలర్ గార్డ్ కలిసిన యువబృందం. ఇందులో క్లారినెట్, ఫ్లూట్, శాక్సఫోన్ లాంటివి ఉండవు. సుమారు 22 ఏళ్ళ లోపు యువతీయువకులు వేసవి మొత్తం బస్సుల్లో ఊరూరా తిరుగుతూ, ఫుట్‌బాల్ మైదానం మీద నడుస్తూ, పరుగెత్తుతూ, క్షణక్షణానికీ మారే ఆకృతులు కడుతూ పదకొండు పన్నెండు నిమిషాల ప్రదర్శన ఇస్తారు. గణతంత్ర దినోత్సవ కవాతులో పోలీసు బ్యాండును చూసినవారికి దీని మూలం అర్థమవుతుంది. అయితే ఆ మూలం నుంచి ఈ కళ ఎంతో దూరం వచ్చేసింది. ఇప్పుడు ఇందులో కవాతు కన్నా నాట్యమే ఎక్కువ.

ప్రేక్షకుల సంఖ్య గురించి మాట్లాడే ముందు ఆ ఖాళీ కుర్చీల సంగతి తేల్చుకోవాలి. ట్రంపెట్, ట్యూబా లాంటి వాద్యాల నోరు ఎటు తిరిగి ఉంటే శబ్దం ప్రధానంగా అటే పోతుంది. న్యాయనిర్ణేతలలో ఎక్కువ మంది ప్రెస్ బాక్స్ (గ్యాలరీ పైభాగంలో విలేఖరులు కూర్చునే గది) ఎత్తున కూర్చుంటారు కాబట్టి ప్రదర్శన యావత్తూ ఆ వైపుకే ముఖం పెట్టి ఉంటుంది. ఎదుటి గ్యాలరీలో కూర్చున్నవారికి వాద్యకారుల వీపులు, గోడకు తగిలి తిరిగివచ్చిన శబ్దం మాత్రమే దక్కుతాయి. ఫుట్‌బాల్ ఆటకు 60,000 మందికి పైగా పట్టే స్టేడియం డ్రమ్ కోర్‌కు వచ్చేసరికి సగం స్టేడియంగా మారిపోతుంది. ఆ సగంలో కూడా గోల్ గీతల వైపు మూలల్లో కూర్చుంటే ఆకృతులు ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి పడినట్టు కనిపిస్తాయి. అందువల్ల నిజంగా అమ్ముడుపోయే కుర్చీలు మధ్య గీతకు అటూ ఇటూ ఉన్న మేర మాత్రమే. మైదానం మొత్తం కుర్చీల సంఖ్యతో హాజరును భాగించి "పావు వంతు కూడా నిండలేదు" అని తేల్చేవారు ఈ విషయాన్ని మరచిపోతారు. సినిమా హాల్లో తెర వెనక కుర్చీలు వేసి అవి నిండలేదని బాధపడటంతో సమానం అది.

మరొక విశేషం ఏమిటంటే, ఇక్కడ ముందు వరుస గొప్పది కాదు. అక్కడ కూర్చుంటే స్నేర్ డ్రమ్ వాయించేవారి మణికట్టు కదలిక, చెంపల మీద కారే చెమట స్పష్టంగా కనిపిస్తాయి గాని, వందకు పైగా మనుషులు కలిసి గీసే వృత్తం వృత్తంలా కనిపించదు. కొంత ఎత్తున, మధ్య గీతకు ఎదురుగా కూర్చున్నవారికే అది విచ్చుకోవడం, ముక్కలు కావడం, మళ్ళీ ఒక్కటి కావడం తెలుస్తుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పిల్లలు హైస్కూల్ మార్చింగ్ బ్యాండులో చేరినవారికి ఈ కిటుకు త్వరగానే బోధపడుతుంది. మొదటి పోటీకి ముందు వరుసలో కూర్చుని పిల్లవాణ్ణి ఫొటోలు తీసుకున్న తల్లిదండ్రులు, మూడో పోటీ నాటికి మెట్లెక్కి పైకి చేరుకుంటారు.

ఇక అసలు లెక్కకు వద్దాం. ఛాంపియన్‌షిప్‌కు ఇంతమంది వచ్చారని చెప్పే అంకె ఏ రోజుది అన్నది మొదటి చిక్కు. ఇప్పటి పద్ధతిలో గురువారం ప్రాథమిక పోటీలు, శుక్రవారం 25 బృందాలతో సెమీఫైనల్స్, శనివారం 12 బృందాలతో ఫైనల్స్ జరుగుతాయి. మూడు రోజులకూ టికెట్ కొన్న అభిమాని మొత్తం లెక్కలో ముగ్గురవుతాడు. అమ్ముడైన టికెట్లను లెక్కించడం ఒక పద్ధతి, ద్వారం దాటి లోపలికి వచ్చినవారిని లెక్కించడం మరొక పద్ధతి. వీటికి తోడు పాల్గొనేవారే ప్రేక్షకులవుతారు. ఒక్కో పెద్ద బృందంలో సుమారు 150 మంది ఉంటారనుకుంటే ఇరవై బృందాలకే 3,000 మంది. ఫైనల్స్‌కు చేరని బృందాల పిల్లలు శనివారం రాత్రి పై అంతస్తుల్లో కూర్చుని, ఎవరూ వేయనంత పెద్ద కేకలు వేస్తుంటారు. వారిని ప్రేక్షకులలో కలపాలా వద్దా అన్న దాన్ని బట్టి అంకె వేలల్లో మారిపోతుంది. ఏ అంకెను చూసినా ఈ మూడు ప్రశ్నలు వేయకుండా గత సంవత్సరంతో పోల్చడం ప్రమాదమే.

కాలక్రమంలో చూస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. ఈ పోటీల పుట్టుక మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులతో ముడిపడి ఉంది. 1919లో ఏర్పడిన అమెరికన్ లీజియన్, దానితో పాటు వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్ అనే మాజీ సైనికుల సంస్థలు తమ స్థానిక శాఖల ద్వారా బ్యూగిళ్ళు, డ్రమ్ములతో బృందాలను పోషించాయి. తమ జాతీయ మహాసభలలో భాగంగా పోటీలు నిర్వహించాయి. అంటే ఆనాటి ప్రేక్షకులలో పెద్ద భాగం పోటీ కోసమే వచ్చినవారు కారు. మహాసభకు కుటుంబాలతో తరలివచ్చిన మాజీ సైనికులకు సాయంత్రం వినోదంగా స్టేడియంలో పోటీ సిద్ధంగా ఉండేది. ఆ రోజుల జనసందోహాన్ని తలచుకుని నేటి హాజరు చూసి నిట్టూర్చేవారు, ఇవి రెండు వేరు వేరు రకాల జనాలని గుర్తించాలి. జాతరకు వచ్చినవారు దారిలో నాటకం చూడటం వేరు, నాటకం కోసమే టికెట్ కొని రావడం వేరు.

1971 నాటికి బృందాల నిర్వాహకులకు ఆ ఏర్పాటు మీద విసుగు పుట్టింది. నిబంధనలు, తీర్పు విధానం, పారితోషికం అన్నీ మాజీ సైనికుల సంస్థల చేతిలోనే ఉండేవి. శ్రమ మాత్రం పిల్లలది, వారి శిక్షకులది. వయోమింగ్ రాష్ట్రం కాస్పర్ పట్టణానికి చెందిన ట్రూపర్స్ బృందం నాయకుడు జిమ్ జోన్స్, షికాగో కావలియర్స్ స్థాపకుడు డాన్ వారెన్ వంటివారు ముందుండి ఉద్యమం నడపగా డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ రూపుదిద్దుకుంది. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ అనే చిన్న విశ్వవిద్యాలయ పట్టణంలో తొలి ఛాంపియన్‌షిప్ జరిగింది. కాలిఫోర్నియాకు చెందిన అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచింది.

వైట్‌వాటర్ ఎంపికలో ఒక తెలివి ఉంది. షికాగో, మాడిసన్, రాక్‌ఫర్డ్, లా క్రాస్ ఊళ్ళ బలమైన బృందాలన్నీ కొద్ది గంటల ప్రయాణ దూరంలోనే ఉండేవి. స్టేడియం చిన్నది, పదమూడు వేల చిల్లర కుర్చీలు. ఉదాహరణకు పన్నెండు వేల మంది వచ్చారనుకుందాం. వైట్‌వాటర్‌లో అది నేల ఈనినట్టు ఉంటుంది. అదే జనం 70,000కు మించి పట్టే మాడిసన్‌లోని కాంప్ రాండల్ స్టేడియంలో కూర్చుంటే ఒక మూలకు సరిపోతుంది. తొలినాళ్ళ అనుభవాలను చెప్పేవారి మాటల్లో వినిపించే "కిక్కిరిసిన" అన్న విశేషణం అబద్ధమేమీ కాదు, కాని అది జనం సంఖ్యను ఎంత చెబుతుందో స్టేడియం పరిమాణాన్నీ అంతే చెబుతుంది.

తర్వాత 2008 వరకు పోటీ ఊరూరా తిరిగింది. ఇథాకా, ఫిలడెల్ఫియా, డెన్వర్, బర్మింగ్‌హామ్, మాంట్రియల్, మయామి, అట్లాంటా, కాన్సస్ సిటీ, బఫలో, డాలస్, జాక్సన్, బోస్టన్ దగ్గరి ఫాక్స్‌బరో, ఓర్లాండో, కాలేజ్ పార్క్ వంటి ఊళ్ళు ఆతిథ్యమిచ్చాయి. ఒక్క మాడిసన్‌కే ఏడుసార్లు అవకాశం దక్కింది. 2007లో మొదటిసారి పసిఫిక్ తీరానికి, పసడీనాలోని రోజ్ బౌల్‌కు వెళ్ళింది. ఈ సంచారం వల్ల ప్రతి ఏటి హాజరూ ఆ ఊరి స్వభావంతో ముడిపడింది. చుట్టుపక్కల ఎన్ని బృందాలున్నాయి, కారులో ఒక రోజులో ఎంతమంది చేరుకోగలరు, హోటల్ గదుల ధర ఎంత, ఆగస్టు ఎండ ఎలా ఉంటుంది అన్నవి టికెట్ల అమ్మకాన్ని శాసించాయి. విస్కాన్సిన్ వేసవి సాయంత్రం చల్లగా హాయిగా ఉంటుంది. ఫ్లోరిడాలో ఆగస్టు ఉక్కపోత, సాయంత్రాలు ఉరుములతో కూడిన వాన ఆరుబయట కూర్చునేవారికి పెద్ద పరీక్ష. రోజ్ బౌల్ 90,000 మంది పట్టే విశాలమైన గిన్నె లాంటి స్టేడియం. పైగా చాలా బృందాలు దేశం తూర్పు భాగంలో, దూరాన ఉన్నవే. కాబట్టి ఒక ఏడాది హాజరు తగ్గితే కళకు ఆదరణ తగ్గిందనీ, మరుసటి ఏడాది పెరిగితే పుంజుకుందనీ అనడానికి లేదు. ఊరు మారింది, అంతే.

2008లో ఇండియానాపోలిస్‌కు స్థిరంగా చేరాలన్నది ప్రణాళిక. కొత్తగా కడుతున్న లూకస్ ఆయిల్ స్టేడియం సమయానికి పూర్తికాకపోవడంతో ఆ ఏడాది పోటీని అదే రాష్ట్రంలోని బ్లూమింగ్టన్ విశ్వవిద్యాలయ మైదానానికి మార్చారు. ఆ రాత్రి ఫాంటమ్ రెజిమెంట్ 98.125 మార్కులతో, కేవలం 0.025 తేడాతో బ్లూ డెవిల్స్‌ను దాటింది. నూటికి నలభై మార్కులు ప్రదర్శన కలిగించే మొత్తం ప్రభావానికి, ముప్పై దృశ్యానికి, ముప్పై సంగీతానికి ఉంటాయి. ప్రేక్షకుల చప్పట్లకు విడిగా మార్కులేమీ లేవు. అయినా ఆరుబయట గ్యాలరీలో లేచి నిలబడిన జనం ఊపు అటు వాయించేవారికీ ఇటు తీర్పు చెప్పేవారికీ తగలకుండా ఉండదని నా నమ్మకం. హాజరు అన్నది కేవలం ఆదాయం లెక్క కాదనడానికి అదే కారణం.

2009 నుంచి ఫైనల్స్ ఇండియానాపోలిస్‌లోనే జరుగుతున్నాయి. స్థిరమైన చోటు వల్ల అభిమానులు ఏడాది ముందే గదులు తీసుకోగలుగుతున్నారు. వాన భయం లేదు. ఊరి నడిబొడ్డున హోటళ్ళ నుంచి నడిచి వెళ్ళేంత దగ్గరలో స్టేడియం ఉంది. నవంబరులో హైస్కూల్ బ్యాండుల జాతీయ పోటీ కూడా అక్కడే జరుగుతుంది కాబట్టి ఆ పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఆ దారి ముందే తెలుసు. దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది. తూర్పు తీరం, పడమటి తీరం, దక్షిణాది ఊళ్ళలో "ఈసారి మన ఊరికి వచ్చింది, చూసొద్దాం" అనుకుని వచ్చే కొత్త ప్రేక్షకుడు ఇక లేడు. ఇండియానాపోలిస్ ఫైనల్స్‌కు వచ్చేవారిలో అత్యధికులు ఆ కళను ముందే ప్రేమించినవారు.

పైకప్పు ఉన్న స్టేడియం ధ్వనికి చేసే హాని గురించి కూడా చెప్పాలి. పాత అభిమానుల ఫిర్యాదులలో ఇది బలమైనది, పైగా చిన్న లెక్కతో అర్థమయ్యేది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 85 మీటర్ల అవతల ఉన్న గోడకు తగిలి తిరిగి రావడానికి అర సెకను పడుతుంది. నిమిషానికి 180 దెబ్బల వేగంతో డ్రమ్ములు వాయిస్తుంటే ఒక్కో దెబ్బకు సెకనులో మూడో వంతు. అంటే మొదటి దెబ్బ ప్రతిధ్వని రెండో దెబ్బకూ మూడో దెబ్బకూ సరిగ్గా నడుమన వచ్చి పడుతుంది. నెలల తరబడి సాధన చేసి అద్దంలా తీర్చిన లయ పై వరుసల్లో కూర్చున్నవారికి మసకబారి చేరుతుంది. ఆరుబయట మైదానంలో ఈ బెడద లేదు. పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో ఒక హైస్కూల్ మైదానంలో ఏటా రెండు రాత్రుల పాటు జరిగే ప్రాంతీయ పోటీని ఎందరో అభిమానులు ఫైనల్స్ కన్నా మిన్నగా తలచడానికి కారణం అదే. అక్కడ గ్యాలరీ దగ్గరగా, నిటారుగా ఉంటుంది. ఇత్తడి వాద్యాలు ఒక్కసారిగా మోగినప్పుడు శబ్దం ఛాతీకి తగులుతుంది.

హాజరు మీద జరిగే వాదాలలో మరొక నింద ప్రదర్శనల తీరు మారడం మీద పడుతుంది. 2000లో బ్యూగిల్ సంప్రదాయాన్ని సడలించి ఏ శ్రుతి ఇత్తడి వాద్యాలనైనా అనుమతించారు. 2004 నుంచి మైకులు, 2009 నుంచి సింథసైజర్ వంటి ఎలక్ట్రానిక్ వాద్యాలు వచ్చాయి. "ఇది మా డ్రమ్ కోర్ కాదు" అని మొహం చాటేసిన పాతతరం ప్రేక్షకులు ఉన్నారన్నది నిజం. వారి బాధను నేను తేలికగా తీసుకోను. యవ్వనమంతా పెట్టి ప్రేమించిన శబ్దం మారిపోతే ఎవరికైనా కష్టమే. కాని జనం హెచ్చుతగ్గులకు ఇదే కారణమని చెప్పడానికి ఆధారం చాలదు. ఎలక్ట్రానిక్ వాద్యాలు వచ్చిన 2009లోనే ఫైనల్స్ పైకప్పు కిందకు, స్థిరమైన ఊరికి చేరాయి. రెండు పెద్ద మార్పులు ఒకే వేసవిలో జరిగినప్పుడు ఫలితాన్ని దేనికి అంటగట్టాలి? ఆ వేళకే ఇంటి నుంచి చూసే వీలూ పెరుగుతోంది.

ఇంటి నుంచి చూడటం కొత్త కాదు. 1970ల మధ్య నుంచే పీబీఎస్ ప్రజా టెలివిజన్ ఫైనల్స్‌ను దేశమంతటికీ చూపించింది. 2004లో డెన్వర్ పోటీల మొదటి రాత్రిని సినిమా హాళ్ళలో ప్రత్యక్షంగా ప్రసారం చేశారు. 2005లో ఈఎస్‌పీఎన్ 2 చానెల్‌లో ఫైనల్స్ విశేషాలు వచ్చాయి. ఇప్పుడు చందా కట్టి ఇంటర్నెట్‌లో వేసవి పోటీలెన్నో చూడవచ్చు. పీబీఎస్ రోజుల్లో చానెల్ తిప్పుతూ అనుకోకుండా తగిలి, కళ్ళప్పగించి చూసి, మరుసటి ఏడాది బృందంలో చేరినవారు ఎందరో. చందా కట్టే ప్రసారం అలా ఎవరికీ అనుకోకుండా తగలదు. అది ముందే తెలిసినవారికి సౌకర్యం, తెలియనివారికి మూసిన తలుపు. గ్యాలరీలో కుర్చీలు ఎన్ని తగ్గాయన్న ప్రశ్న కన్నా ఈ తేడా నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

మొత్తం హాజరు పెరిగిందా తగ్గిందా అన్న ప్రశ్న కన్నా, వచ్చేవారు ఎవరన్నదే ముఖ్యమని నేను చెప్పదలచుకున్నాను. ఒకప్పుడు బృందాలు పేటకొకటిగా ఉండేవి. కాడెట్స్ న్యూజెర్సీలోని గార్‌ఫీల్డ్ పట్టణంలో ఒక కాథలిక్ చర్చి నీడలో పుట్టింది. కావలియర్స్, మాడిసన్ స్కౌట్స్ బాయ్ స్కౌట్ దళాల నుంచి వచ్చాయి. ఒహాయో కాంటన్‌కు చెందిన బ్లూకోట్స్ పేరే పోలీసుల నీలి దుస్తుల నుంచి వచ్చింది. వాయించేవాడు పక్కవీధి పిల్లవాడు కాబట్టి చర్చి సభ్యులు, ఇరుగుపొరుగు, దుకాణదారులు పోటీ చూడటానికి కదిలేవారు. సంగీతం పట్ల ప్రత్యేకమైన ఆసక్తి లేకపోయినా ఊరి అభిమానం వారిని రప్పించేది.

1970ల తొలినాళ్ళలో అటువంటి బృందాలు వందల సంఖ్యలో ఉండేవి. ఇప్పుడు డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పోటీలలో యువబృందాలన్నీ కలిపి సుమారు 40. అవి దేశం నలుమూలల నుంచి, విదేశాల నుంచి పరీక్షలు పెట్టి సభ్యులను ఎంచుకుంటాయి. ఒక వేసవికి సభ్యుడు కట్టవలసిన రుసుము కొన్ని వేల డాలర్లు. నైపుణ్యం ఆకాశానికి చేరింది, అందులో సందేహం లేదు. కాని కాలిఫోర్నియాలోని కాంకర్డ్ బృందంలో వాయించే యువకుడి ఇల్లు టెక్సాస్‌లో ఉండవచ్చు. అతని కోసం కాంకర్డ్ వీధిలో ఎవరూ టికెట్ కొనరు. తల్లిదండ్రులు మాత్రం విమానమెక్కి ఇండియానాపోలిస్ వస్తారు. అందువల్ల చిన్న ఊళ్ళ పోటీలు పలచబడి, పెద్ద ప్రాంతీయ పోటీలు, ఫైనల్స్ చిక్కబడ్డాయి. జూలైలో సాన్ ఆంటోనియోలోని అలమోడోమ్ పోటీకి వచ్చే జనంలో టెక్సాస్ హైస్కూల్ బ్యాండు పిల్లలు బారులు తీరి కనిపిస్తారు. బడులలో బ్యాండు పోటీల వ్యవస్థ పెరగడం డ్రమ్ కోర్ బృందాల సభ్యులను కొంత లాగేసుకున్నా, ప్రేక్షకులను తిరిగి ఇచ్చింది.

ఈ అమరికకు ఒక బలహీనత ఉంది. ప్రేక్షకులు పాల్గొనేవారి చుట్టూ అల్లుకున్న వలయమే అయినప్పుడు, ఒక బృందం మూతపడితే దాని వలయం కూడా చెదిరిపోతుంది. 2020లో కోవిడ్ వల్ల 1972 తర్వాత మొదటిసారి ఛాంపియన్‌షిప్ జరగలేదు. 2021లో మార్కులు లేకుండా ప్రదర్శనలు మాత్రం జరిగాయి. 2023లో ఏడుసార్లు విజేత అయిన సాంటా క్లారా వాన్‌గార్డ్ మైదానంలోకి దిగలేదు, 2024లో తిరిగి వచ్చింది. కాడెట్స్ కథ వేరు. 1934లో మొదలై, గార్‌ఫీల్డ్ పేరుతో 1983 నుంచి వరుసగా మూడేళ్ళు గెలిచి, దశాబ్దాల పాటు తరాల తరబడి కుటుంబాలను ఆగస్టులో గ్యాలరీకి రప్పించిన ఆ బృందం 2024 వసంతంలో కార్యకలాపాలు నిలిపివేసింది. ఆ ఏడాది ఫైనల్స్ రాత్రి లూకస్ ఆయిల్ స్టేడియంలో వారి పేరు పిలవలేదు. తొంభై ఏళ్ళ పాటు ఆ మెరూన్ రంగు దుస్తులను చూడటానికి వచ్చిన పూర్వ సభ్యులు, వారి పిల్లలు, మనవలు ఇకపై ఏ బృందం కోసం టికెట్ కొంటారన్నది ఏ హాజరు పట్టికలోనూ ఇంకా కనిపించని అంకె.